ట్రంపెట్టుకూ ఒక తెలుగు వాచకం కావాలి

మాయామాళవగౌళలో సరళీ వరసను ట్రంపెట్టు మీద ఎత్తుకుంటే రెండో స్వరం దగ్గరే చిక్కు వస్తుంది. షడ్జమానికి ఏ పిస్టనూ నొక్కనక్కర్లేదు. శుద్ధ రిషభానికి మూడూ నొక్కాలి. మూడూ నొక్కినప్పుడు పలికే ఆ స్వరం తన చోటుకంటే కాస్త పైన ఉంటుంది. అది కుర్రాడి తప్పు కాదు, వాద్యం కట్టుబడిలోనే ఉన్న లోటు. ఎడమచేతి ఉంగరపు వేలితో మూడో పిస్టను స్లయిడ్‌ను రెండు మూడు సెంటీమీటర్లు బయటికి తోస్తే రిషభం దిగి సరిగ్గా కుదురుకుంటుంది. అందుకోసమే ఆ స్లయిడ్‌కు ఒక రింగు పెట్టారు. తిరువూరు చుట్టుపక్కల బ్యాండు సెట్లలో వాయించే కుర్రాళ్లను ఆ రింగు ఎందుకుందో అడిగి చూడండి. పట్టుకోవడానికి అని చెప్తారు ఎక్కువమంది. వాళ్ల చేతుల్లో ఉన్న చాలా ట్రంపెట్లలో ఆ స్లయిడ్ ఏళ్ల తరబడి కదలక బిగుసుకుపోయి ఉంటుంది.

ఈ సంగతి చెప్పే తెలుగు పుస్తకం ఒక్కటీ ఇంతవరకు నా చేతికి రాలేదు. నేర్పే బడి మా దరిదాపుల్లో లేదు. పెళ్లికీ చావుకీ, శ్రీరామనవమికీ వినాయక నిమజ్జనానికీ బ్యాండును పిలిచే జనం మనం. పిలిచి, డబ్బులిచ్చి, ముందు నడవమంటాం. ఆ వాయించేవాడు ఎక్కడ నేర్చుకున్నాడు, ఎవరు నేర్పారు, వాడి కొడుకు ఎక్కడ నేర్చుకోవాలి అన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. దాని గురించే ఈ నాలుగు మాటలు.

మాది తిరువూరు. విజయవాడ నుంచి జగదల్‌పూర్ పోయే హైవే మీద, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. చుట్టూ మామిడితోటలు. పిలుపు వస్తే ఇటు గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు పోతాం. అటు కల్లూరు, సత్తుపల్లి, మధిర పోతాం. నేను ట్రంపెట్టు వాయిస్తాను. మా నాన్న యుఫోనియం వాయించేవాడు. ఆయనకు నేర్పింది పోలీసు బ్యాండులో పనిచేసి రిటైరైన ఒక మాస్టారు. వాద్యం చేతికివ్వకుండా వారాల తరబడి ఒట్టి మౌత్‌పీస్‌నే ఊదించేవాడట ఆయన. పెదవులు కంపించడం వస్తేనే గొట్టం తగిలించేవాడట. ఒకప్పుడు మాలాంటి ఊళ్లకు అలాంటి మాస్టార్లే బడి. పోలీసు బ్యాండు నుంచో, మిలిటరీ బ్యాండు నుంచో పింఛను పుచ్చుకుని సొంతూరికి వచ్చి, అరుగు మీద కూర్చుని నేర్పేవాళ్లు. వాళ్లు పొడుగాటి నోటు పుస్తకాల్లో రాసిచ్చిన స్వరాలే మా ఆస్తి. ఆ తరం పోయింది. నోటు పుస్తకాలు కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని ఏ అటక మీద ఉన్నాయో తెలియదు.

ఇప్పటి కుర్రాళ్లకు ఫోనే గురువు. దాన్ని నేను తక్కువ చేయను. న్యూయార్క్‌లో, లండన్‌లో పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు పెదవి ఎలా పెట్టాలో, ఊపిరి ఎలా తీయాలో వీడియోల్లో చూపిస్తున్నారు. చూసి పట్టుకోగలిగినవాడికి అది నిజంగా పెన్నిధి. కానీ మా దగ్గర జరుగుతున్నదేమిటో చూడండి. వీడియోలో మాస్టారు ‘సి’ స్కేలు అంటాడు. కుర్రాడు పిస్టన్లు వదిలేసి ఊదుతాడు. పక్కన కీబోర్డు వాయించే అబ్బాయి కూడా ‘సి’ నొక్కుతాడు. రెండూ కలవవు. ట్రంపెట్టు చెడిపోయిందని ఒకడు, కీబోర్డు సరిగా లేదని ఇంకొకడు. మనం వాడే ట్రంపెట్టు బి ఫ్లాట్‌ది. దాని మీద ‘సి’ అని రాసుకున్నది పలికేటప్పుడు బి ఫ్లాట్‌గా పలుకుతుంది. మన లెక్కలో చెప్పాలంటే అది ఆరున్నర శ్రుతి. సన్నాయి మేళంలో పెరిగినవాడికి ఆ ఒక్క ముక్క చెబితే చాలు, ఇక వివరించనక్కర్లేదు. కీబోర్డు అబ్బాయి ట్రాన్స్‌పోజ్ బటన్‌తో రెండు మెట్లు దించుకుంటే ఇద్దరూ ఒకే చోట ఉంటారు. ఇదంతా అయిదు నిమిషాల పాఠం. ఆ అయిదు నిమిషాలు చెప్పేవాళ్లు లేక ఎన్ని ఊరేగింపులు అపశ్రుతిలో నడిచాయో.

ఆరున్నర శ్రుతిలో ట్రంపెట్టు మీద స్వరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఇక్కడే రాస్తాను, కావలసినవాళ్లు కత్తిరించి దాచుకోండి. మాయామాళవగౌళకు: స – ఏదీ నొక్కకుండా. రి – ఒకటి, రెండు, మూడు. గ – ఒకటి, రెండు. మ – ఒకటి. ప – ఏదీ నొక్కకుండా. ధ – రెండు, మూడు. ని – రెండు. పై స – ఏదీ నొక్కకుండా. శంకరాభరణానికి మారేవి రెండే: రి – ఒకటి, మూడు, ధ – ఒకటి, రెండు. ఈ రెండో రిషభం కూడా కాస్త పైనే పలుకుతుంది, స్లయిడ్ కొంచెం తోయాలి. కొత్తగా పట్టినవాడికి శంకరాభరణంతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. మాయామాళవగౌళ మన సంప్రదాయంలో మొదటి పాఠమే, కాదనను. కానీ ట్రంపెట్టు మీద దాని రిషభం అన్నిటికంటే కష్టమైన చోట పడింది. పెదవి నిలదొక్కుకున్నాక దానిలోకి వెళ్లొచ్చు.

ఆ రిషభం ఎందుకు పైకి పోతుందన్నది కూడా కుర్రాళ్లకు చెప్పాలి. కారణం తెలిసిన చెయ్యి తడబడదు. ట్రంపెట్టు గొట్టాన్ని సాపు చేస్తే దాదాపు 148 సెంటీమీటర్లు. రెండో పిస్టను ఆ పొడవుకు సుమారు 6 శాతం కలుపుతుంది, అరస్వరం దిగుతుంది. మొదటిది 12 శాతం, మూడోది 19 శాతం. మూడూ కలిస్తే 37 శాతం. కానీ ఆరు అరస్వరాలు దిగాలంటే 41 శాతం కావాలి. ఆ నాలుగు శాతం గొట్టం తక్కువైంది కాబట్టే స్వరం పైన నిలబడుతుంది. స్లయిడ్ తోసి మనం కలిపేది ఆ నాలుగు శాతాన్నే. పదో తరగతి లెక్కలు వచ్చిన ఏ పిల్లవాడికైనా ఇది అర్థమవుతుంది. నేను చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు వెలగడం చూశాను. అప్పటిదాకా తమకు చెవి లేదనుకున్న పిల్లలు వాళ్లు.

ఇంకొకటుంది. ఏ పిస్టనూ నొక్కకుండా, ఒట్టి పెదవి బిగువుతోనే ట్రంపెట్టు మీద స, ప, పై స, పై గ, పై ప పలుకుతాయి. పిస్టన్లే లేని బ్యూగిల్ అంతా ఆ అయిదు స్వరాల మీదే బతుకుతుంది. 1818లో బెర్లిన్‌లో స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు వాల్వుకు పేటెంట్ తీసుకున్నారు. అప్పటిదాకా ట్రంపెట్ల బతుకు కూడా చాలావరకు అంతే. మన కొమ్ముబూర ఊదేవాళ్లు చేసేది కూడా ఈ పెదవి పనే. రోజూ వాద్యం పట్టగానే సినిమా పాట ఎత్తుకోకుండా ఈ అయిదు స్వరాల మీదే పైకీ కిందికీ నిదానంగా పోవడం, ఒక్కో స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు నిలపడం, ఎంతసేపు ఊదితే అంతసేపు పెదవికి విశ్రాంతి ఇవ్వడం — ఈ మూడూ చేసినవాడి పెదవి నాలుగు గంటల ఊరేగింపుకు తట్టుకుంటుంది. చేయనివాడు రెండో గంటకే మౌత్‌పీస్‌ను పళ్లకు అదిమి ఊదుతుంటాడు. రాత్రికి పెదవి వాస్తుంది.

ఇదంతా రాసిపెట్టిన పుస్తకాలు ప్రపంచంలో లేక కాదు. పారిస్‌లో ఆర్బన్ అనే కార్నెట్ విద్వాంసుడు 1864లో అచ్చువేసిన పాఠ్యగ్రంథం ఇప్పటికీ అన్ని దేశాల్లో ట్రంపెట్టు పిల్లలకు పెద్దబాలశిక్ష. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఎవరైనా దించుకోవచ్చు. క్లార్క్ అనే ఆయన రాసిన సాధన పాఠాలూ అంతే. అవన్నీ అయిదు గీతల పాశ్చాత్య స్వరలిపిలో ఉన్నాయి. ఆ లిపి మా కుర్రాళ్లు నేర్చుకోవాలి, తప్పకుండా నేర్చుకోవాలి. కానీ మొదటి మెట్టు స రి గ మ ల్లో ఉండాలి. తెలుగు అక్షరాలు రాని పిల్లవాడికి ఇంగ్లీషులో లెక్కలు చెబితే లెక్కలూ రావు, ఇంగ్లీషూ రాదు.

ట్రంపెట్టు మన సంగీతం కాదు కదా అనేవాళ్లకు ఒక చరిత్ర గుర్తుచేస్తాను. ముత్తుస్వామి దీక్షితర్ మద్రాసు పక్కన మణలిలో ఉన్న రోజుల్లో కుంపెనీ బ్యాండు వాయించే పాటలు విన్నారు. ఆ వరుసలకు సంస్కృత సాహిత్యం కట్టారు. నోట్టుస్వరాలంటే అవే, దాదాపు నలభై ఉన్నాయి, అన్నీ శంకరాభరణ స్వరాల్లోనే. వాటిలో ‘సంతతం పాహిమాం’ వరుస ఇంగ్లండు రాజును కీర్తించే పాటదే. ట్రంపెట్టు నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి తొలి పాఠాలు నాకు తెలియవు. బ్యాండు నుంచి పుట్టినవి, మన స్వరలిపిలో ఉన్నవి, చిన్నవి, నోటికి పట్టేవి. అదే కాలంలో దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి ఫిడేలు నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు.

ఒకే చోట, ఒకే కుటుంబంలోకి రెండు విదేశీ నాదాలు వచ్చాయి. ఫిడేలు కచేరీ వేదిక ఎక్కింది. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ ఆచార్యుడయ్యారు. ఇవాళ వయొలిన్ లేని సంగీత కళాశాలను మనం ఊహించలేం. ట్రంపెట్టు మాత్రం వీధిలోనే ఉండిపోయింది. దాని స్వభావం గట్టిగా పలకడం కాబట్టి వీధి దానికి తగిన చోటే, అందులో నాకు చిన్నతనం లేదు. కానీ వీధిలో వాయించినవాళ్లు ఎవరన్నది కూడా చూడాలి. మాలపల్లె, మాదిగపల్లె, మంగలి ఇళ్లు, సాయిబుల పేట — అక్కడి నుంచి వచ్చారు బ్యాండు వాళ్లు. వాళ్ల వాద్యానికి గది కట్టాలని ఎవరికీ తోచకపోవడానికి అదొక ముఖ్యమైన కారణమని నేను నమ్ముతున్నాను. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ సినిమా బ్యాండు వాయించే కుర్రాడిని కథానాయకుడిగా నిలబెట్టింది. హాల్లో చప్పట్లు విని నాకు సంతోషమేసింది. ఆ చప్పట్లు కొట్టినవాళ్లు తమ ఊరి బ్యాండు కుర్రాడి చదువు గురించి కూడా ఆలోచించాలని నా కోరిక.

వేరే చోట ఆలోచించారు. మైసూరు మహారాజులు తమ ప్యాలెస్ బ్యాండును రెండుగా నడిపారు, ఒకటి ఇంగ్లీషు బ్యాండు, ఇంకొకటి కర్ణాటక బ్యాండు. ఆ సంప్రదాయాన్ని ఇవాళ కర్ణాటక పోలీసులు నిలబెడుతున్నారు. దసరాకు మైసూరు వెళ్లినవాళ్లు విని ఉంటారు. బ్యాండు వాద్యాల మీద త్యాగరాజ కీర్తన పలకదన్నవాళ్లకు అక్కడ సమాధానం దొరుకుతుంది.

ఇక సామాను మాట. మన దేశంలో బ్యాండు సామాను చాలావరకు మీరట్‌లోని జలీ కోఠీ నుంచి వస్తుంది. నాదిర్ అలీ కంపెనీ అక్కడ 1885 నుంచి ఉంది. మాలాంటివాళ్లకు అందే ధరకు దొరికేది అక్కడి సామానే. అందుకు నేను వాళ్లకు రుణపడి ఉన్నాను. కానీ కొత్తగా కొనేవాడికి నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. చవక ట్రంపెట్టుతో వచ్చిన మౌత్‌పీస్‌ను అలాగే వాడకండి. అంచు పదునుగా ఉండి పెదవిని కోస్తుంది. పైపూత పోయి ఇత్తడి తేలితే పుండు పడుతుంది. ట్రంపెట్టు పాతదైనా ఫరవాలేదు, మౌత్‌పీస్ మాత్రం మంచిది కొనుక్కోండి. 7సి అనే సైజు నేర్చుకునేవాడికి సరిపోతుంది. ఎవరి మౌత్‌పీస్ వాళ్లకు ఉండాలి. ఒకటే మౌత్‌పీస్ ముగ్గురి నోళ్లలో తిరగడం మా దగ్గర మామూలు. అది మానాలి.

పిస్టను, దాని గూడు మధ్య సందు తలవెంట్రుక మందం కూడా ఉండదు. ఆ సందులోకి ఏం పోస్తున్నామో చూసుకోవాలి. కొబ్బరినూనె పోసేవాళ్లున్నారు. 24 డిగ్రీల లోపు అది గడ్డకడుతుంది, మాఘమాసం పెళ్లిలో తెల్లవారుజామున పిస్టన్లు లేవవు. కుట్టుమిషను నూనె కాస్త నయం గానీ చిక్కన. వాల్వు ఆయిల్ అని పలచటి నూనె చిన్న సీసాల్లో వస్తుంది. అదే వాడాలి. స్లయిడ్లకు వాజెలిన్ చాలు, బిగుసుకుపోకుండా ఉంటాయి. మెరుపు కోసం చింతపండుతోనో బ్రాసోతోనో తోమడం అందరికీ అలవాటు. చింతపండు పులుపు ఇత్తడిని కొద్దికొద్దిగా తినేస్తుంది. బ్రాసోలోని గరుకు పొడి పిస్టన్లలోకి దిగిందంటే ఆ ట్రంపెట్టు ఆయుష్షు తగ్గినట్టే. గొట్టం మీద గులాబీరంగు మచ్చలు కనిపిస్తే లోపల్నుంచి జింకు కరిగిపోతున్నదని గుర్తు. ఇత్తడి అంటే సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఉమ్మిలో తడిసి, కడగక వదిలేసిన గొట్టంలో జింకు ముందు పోతుంది. నెలకోసారి గోరువెచ్చటి నీళ్లలో కాస్త సబ్బు వేసి, విడదీసి, లోపల బ్రష్ తిప్పి కడిగితే ఆ బాధ ఉండదు. ఊదేవాడి ప్రాణానికీ మంచిదే. 2010లో అమెరికాలో ఒక వైద్య పత్రిక ట్రాంబోన్ వాయించే ఒకాయన సంగతి అచ్చువేసింది. ఏళ్ల తరబడి తగ్గని దగ్గు ఆయనది. కారణం ఆయన వాద్యంలోపల పేరుకున్న సూక్ష్మజీవులని తేలింది. వాద్యాన్ని శుభ్రం చేయడం మొదలుపెట్టాక దగ్గు తగ్గింది.

సొట్టపడితే తీసేవాడు మా దగ్గర లేడు. బెల్లు వంగితే మోకాలి మీద పెట్టి సాపు చేసుకుంటాం. అతుకు ఊడితే ఇత్తడి సామాను పనివాడి దగ్గరికి పోతాం. ఆయన బిందెకు వేసినట్టు మందంగా మాటు వేస్తాడు, అది ఆయన తప్పు కాదు. సొట్ట తీయడానికి గొట్టం లోపలికి పోయే ఉక్కు గుండ్లుంటాయి, వంపు కడ్డీలుంటాయి. ఆ పనిముట్లు ఒక పెట్టెలో పడతాయి. జిల్లాకు ఇద్దరు కుర్రాళ్లను మీరట్ పంపి ఆ పని నేర్పిస్తే వాళ్ల జీవనానికి దిగుల్లేదు, మా సామానుకూ దిగుల్లేదు. కేంద్రప్రభుత్వం 2023లో తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. పనిముట్లకు 15 వేల రూపాయలిస్తారు, శిక్షణలో రోజుకు 500 ఇస్తారు. క్షురకవృత్తి ఉంది, కంసాలి పని ఉంది. వాద్యాలు బాగుచేసే పని లేదు. ఒకే నాయీబ్రాహ్మణ ఇంట్లో అన్న చేతిలోని కత్తెరకు సాయం అందుతుంది, తమ్ముడి చేతిలోని సన్నాయికి అందదు. పంతొమ్మిదో వృత్తిగా చేర్చమని అడగడానికి మన ఎంపీలకు ఏం అడ్డమో నాకు అర్థం కాదు. మన రాష్ట్రంలో డప్పు కళాకారులకు నెలకు నాలుగువేల పింఛను ఇస్తున్నారు. చాలా మంచి పని. అదే ఊరేగింపులో డప్పు వెనక నడిచే ట్రంపెట్టు ముసలాయన మాత్రం ఆ జాబితాలో లేడు.

ఎండ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం తిరువూరు వాడు రాసినట్టే కాదు. వైశాఖం, జ్యేష్ఠం పెళ్లిళ్లంటే రోహిణి కార్తె ఎండలో మిట్టమధ్యాహ్నం ఎదుర్కోలు. గొట్టంలో గాలి వేడెక్కేకొద్దీ శ్రుతి పైకి పోతుంది. 20 డిగ్రీల దగ్గర గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 355. కీబోర్డు శ్రుతి మాత్రం కదలదు. కాబట్టి నీడలో శ్రుతి చేసుకుని ఎండలోకి దిగితే సరిపోదు. ఎండలో కాసేపు ఊదాక మళ్లీ పెద్ద స్లయిడ్ లాగి సరిచూసుకోవాలి. చెవుల గురించి కూడా ఒక మాట. శబ్దం 85 డెసిబెల్స్ ఉంటే రోజుకు ఎనిమిది గంటలదాకా చెవికి ప్రమాదం లేదంటారు. వంద దాటితే పావుగంటే హద్దు. ట్రంపెట్టు బెల్లు ముందు, డీజే బాక్సుల పక్కన నడిచేవాడికి వంద ఒక లెక్క కాదు. మందుల షాపులో దొరికే నురుగు బిరడాలు చెవుల్లో పెట్టుకోవడం సిగ్గుపడే పని కాదు. గుట్కా మాత్రం వద్దే వద్దు. నోరు బిగుసుకుపోతే, ముందు పళ్లు కదిలితే ట్రంపెట్టు అక్కడితో ఆఖరు. వాయించడానికి పెదవి ఆనేది ఆ పళ్ల మీదే. అలా చేతులు కట్టుకుని కూర్చున్న మంచి వాయిద్యగాళ్లను నేనెరుగుదును.

డీజేల కాలంలో ఇదంతా ఎవరికోసం అంటారు కొందరు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. గుండెలదిరే చప్పుడు వద్దనేవాళ్లు ఊళ్లల్లోనూ పెరుగుతున్నారు. ఆ జాగాలోకి బ్యాండు తిరిగి రావాలంటే బాగా వాయించాలి. మా వాయింపు బాగుంటే జనం ఆగి వింటారు, అది నా కళ్లతో చూసిందే. మా దగ్గరి నెమలి ఊళ్లో వేణుగోపాలస్వామి తిరునాళ్లలో శంకరాభరణం ఒక్క చరణం శ్రుతిలో పలికితే కొబ్బరికాయల కొట్టువాడు కూడా చెయ్యి ఆపుతాడు.

ఉద్యోగాలు కూడా ఉన్నాయి. వాయుసేన అగ్నివీర్ వాయు మ్యూజిషియన్ పోస్టులకు పదో తరగతి, చేతిలో వాద్యం, ఏదో ఒక స్వరలిపి చదవగలగడం ఉండాలి. ఆ స్వరలిపి కర్ణాటక స్వరలిపి అయినా ఒప్పుకుంటారు. ట్రంపెట్టు, ట్రాంబోన్, యుఫోనియం అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. సైన్యానికి పచ్‌మఢీలో 1950 నుంచి సంగీత శిక్షణ కేంద్రం ఉంది. మన పోలీసు బెటాలియన్లకు బ్యాండులున్నాయి. చెవితో విని పాట మొత్తం వాయించేయగల మా కుర్రాడు అక్కడ స్వరలిపి చదవమనేసరికి వెనక్కి వస్తున్నాడు. ఆ ఒక్క గోడ బద్దలుకొట్టాలి.

నేర్పే మాస్టారు ఒకడు దొరికితే ఏమవుతుందో చూడండి. 1913లో అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లో తుపాకీ పేల్చాడని ఒక నల్లజాతి పిల్లవాడిని బాలల శిక్షణాలయంలో పెట్టారు. అక్కడ ఒక బ్యాండు ఉంది, పీటర్ డేవిస్ అనే మాస్టారున్నాడు. ఆ పిల్లవాడికి కార్నెట్ చేతికిచ్చి నేర్పాడు. అతనే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆ ఊళ్లో కూడా చావుకు బ్యాండు వాయిస్తూ నడుస్తారు, మనలాగే. పేదవాళ్ల పిల్లలకు వాద్యం కొనివ్వడం, ఒక మాస్టారిని పెట్టడం — అంతకుమించి అక్కడ జరిగిందేమీ లేదు. ఇంగ్లండులో బొగ్గు గనుల కార్మికులు గ్రైమ్‌తోర్ప్‌లో 1917లో పెట్టుకున్న బ్యాండు ఇప్పటికీ ప్రపంచమంతా పేరున్న బ్యాండు. మా పక్కనే సత్తుపల్లిలో సింగరేణి గనులున్నాయి. కంపెనీల చట్టం లాభాల్లో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టమంటుంది, అందులో సంప్రదాయ కళలు కూడా ఉన్నాయి. పది ట్రంపెట్లు, నాలుగు యుఫోనియంలు, రెండు ట్రాంబోన్లు గనుల లెక్కలో ఎంత?

ఇక నేను అడిగేది. విజయవాడలో ఘంటసాలగారి పేరు మీద ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, సన్నాయి, డోలు నేర్పుతారు. అక్కడ బ్యాండు వాద్యాలకు ఒక సర్టిఫికెట్ కోర్సు పెట్టండి. రిటైరైన పోలీసు బ్యాండు మాస్టార్లు ఇంకా కొందరున్నారు, వాళ్లను పిలిచి పాఠం చెప్పించండి. వాళ్లతోనే ఒక తెలుగు వాచకం రాయించండి. అందులో పిస్టన్ల పటం స రి గ మ ల్లో ఉండాలి, శంకరాభరణం నుంచి మొదలై మాయామాళవగౌళకు రావాలి, నోట్టుస్వరాలు ఉండాలి, సగం పుస్తకం దాటాక అయిదు గీతల లిపి రావాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి పాటకూ రాగం, తాళం వేసి ఉంటాయి. మా బ్యాండు కుర్రాళ్లలో చర్చిలో పాడుతూ పెరిగినవాళ్లు చాలామంది, ఆ పాటలు వాళ్లకు నోటికి వచ్చు. వాటినీ పాఠాలుగా తీసుకోవాలి. కొత్త రాగం పేరు చెప్పి బెదరగొట్టే బదులు, నువ్వు ఆదివారం పాడే పాట ఈ రాగమేనురా అబ్బాయ్ అని చెబితే ఎంత తేలిగ్గా పట్టుకుంటాడో.

విజయవాడ రోజూ వెళ్లి రావడం తిరువూరు పిల్లవాడి వల్ల కాదు. కూలికి పోవాలి, సీజనులో పెళ్లిళ్లకు పోవాలి. కానీ ఆషాఢంలో ముహూర్తాలు లేవు. పుష్యంలో లేవు. మూఢం వస్తే లేవు. ఆ రోజుల్లో బ్యాండు సెట్లన్నీ ఖాళీ. సామాను అటక ఎక్కుతుంది, కుర్రాళ్లు మామిడితోటల్లో, మిర్చి చేలల్లో పనికి పోతారు. కళాశాల మాస్టారు ఒకరు ఆషాఢమాసం నెలరోజులు తిరువూరు వచ్చి సాయంత్రం రెండు గంటలు పాఠం చెబితే చాలు. మైలవరం, నూజివీడు, మధిర నుంచి కూడా వస్తారు. దానికి కావలసింది చప్పుడుకు ఎవరూ కోప్పడని ఒక గది, ఒక నల్లబల్ల. సాయంత్రం పూట ఖాళీగా ఉండే బడి గదులు ఊళ్లో ఉన్నాయి. నగర పంచాయతీవారు గానీ విద్యాశాఖవారు గానీ ఒకటి తాళం తీసిస్తే, కుర్రాళ్లను పోగుచేసే పని నాది. మాస్టారికి భోజనం, బస మా బ్యాండు సెట్లవాళ్లమే చూసుకుంటాం.